మాంబళం, ఎగ్మూరు, బీచి: మూడు స్వరాల కార్డుకు పేరెలా పడుతుంది?

మా మేనకోడలు కీబోర్డు క్లాసులో పెట్టిన చిన్న పరీక్షలో ఒక మార్కు పోగొట్టుకుని వచ్చింది. డి మేజర్ కార్డులోని మూడు స్వరాలు రాయమంటే డి, జి ఫ్లాట్, ఎ అని రాసింది. మధ్యదాని మీద ఎర్ర ఇంకుతో గీత కొట్టి, పక్కన ఎఫ్ షార్ప్ అని దిద్దారు. (షార్ప్ అంటే ఒక మెట్టు పైకి, ఫ్లాట్ అంటే ఒక మెట్టు కిందికి.) ఇంటికి రాగానే బ్యాగ్ కూడా దించకుండా కీబోర్డు ముందు కూర్చుని ఆ నల్ల మెట్టును రెండుసార్లు నొక్కి వినిపించింది.

"ఇది జి ఫ్లాట్, ఇది ఎఫ్ షార్ప్. ఏమైనా తేడా ఉందా మామయ్యా? మరి మార్కెందుకు తీసేశారు?"

నేను గిటారు నేర్చుకున్నది హాస్టల్ గదిలో, చార్టులో చుక్కలు ఎక్కడుంటే అక్కడ వేళ్లు పెట్టి. ఎందుకు అనే ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. జవాబు వంటింట్లోంచి వచ్చింది. మా అమ్మకు పాశ్చాత్య సంగీతం బొత్తిగా రాదు. చెన్నై వెస్ట్ మాంబళంలో ఇదే ఇంట్లో ఏళ్ల తరబడి పిల్లలకు సరళీ వరసలు చెబుతోంది.

"షట్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం ఒకే మెట్టు కాదుటే? అయినా నాట రాగం పాడుతూ దాన్ని గాంధారం అంటే నేను ఊరుకుంటానా?"

సగం సంగతి ఆ మాటలోనే ఉంది. మిగతా సగం అర్థం కావాలంటే అసలు ఈ కార్డు ఎలా కడతారో చూడాలి.

కార్డంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు. (మన నోట్లో రేషన్ కార్డుకూ దీనికీ తేడా ఉండదు, ఏం చేస్తాం.) వాటిలో అన్నిటికీ మూలమైనది మూడు స్వరాలది. దాన్ని ట్రయడ్ అంటారు. ఏవో మూడు మెట్లు నొక్కేస్తే ట్రయడ్ అయిపోదు. ఒకటి విడిచి ఒకటి రావాలి. సి తీసుకుని, డి వదిలి, ఇ తీసుకుని, ఎఫ్ వదిలి, జి. మన లెక్కలో స, గ, ప. అడుగున ఉన్నది రూట్, అంటే పునాది స్వరం. కార్డుకు దాని పేరే పెడతారు. మధ్యలోది థర్డ్, పైది ఫిఫ్త్.

మొదటి తికమక ఇక్కడే. థర్డ్ అంటే మూడోది అన్నప్పుడు మనం లెక్కపెట్టేది అక్షరాలను, అదీ మొదలెట్టినదాన్ని కలుపుకుని: సి ఒకటి, డి రెండు, ఇ మూడు. (అక్షరాలు ఎ నుంచి జి దాకా ఏడే, జి తర్వాత మళ్లీ ఎ.) ఈ పద్ధతి మనకు తెలిసిందే. తారాబలం చూసేటప్పుడు జన్మ నక్షత్రాన్నే ఒకటి అనుకుని మొదలెడతాం. అయితే ఆ థర్డ్ పెద్దదా (మేజర్) చిన్నదా (మైనర్) అని తేల్చేటప్పుడు లెక్కపెట్టేది మెట్లను, నల్లవీ తెల్లవీ అన్నిటినీ. ఈసారి మొదలెట్టిన మెట్టు లెక్కలోకి రాదు. ఇది రైలు లెక్క. మాంబళంలో ఎక్కినవాడు 'ఎన్ని స్టేషన్లు' అంటే మాంబళాన్ని లెక్కపెట్టడు కదా. చాలా పుస్తకాలు ఈ రెండు లెక్కల్నీ ఒకే వాక్యంలో కలిపేసి 'మేజర్ థర్డ్ అంటే నాలుగు సెమిటోన్లు' (సెమిటోన్ అంటే ఒక మెట్టు దూరం) అని ముందుకు పోతాయి. మూడోది నాలుగెలా అయిందో తెలియక పిల్లలు అక్కడే ఆగిపోతారు.

రైలు ఎలాగూ వచ్చింది కాబట్టి దాన్నే ఎక్కుదాం. మాంబళం నుంచి బీచి వైపు వెళ్లే లోకల్ ట్రైన్‌లో వరసగా కోడంబాకం, నుంగంబాకం, చేత్‌పట్, ఎగ్మూరు, పార్కు, ఫోర్టు, బీచి వస్తాయి. సరిగ్గా ఏడు. పునాది స్వరం మాంబళం అనుకోండి. నాలుగో స్టేషన్ ఎగ్మూరులో ఒకసారి, ఏడోదైన బీచిలో ఒకసారి దిగితే అది మేజర్ కార్డు. ముందు 4, తర్వాత 3. ఎగ్మూరులో కాకుండా ఒక స్టేషన్ ముందే చేత్‌పట్‌లో దిగి, అక్కడి నుంచి బీచికి వెళ్తే మైనర్ కార్డు. ముందు 3, తర్వాత 4. బయల్దేరిన చోటూ చేరిన చోటూ అవే. మధ్యలో దిగిన స్టేషన్ ఒక్కటే మారింది. సి, ఇ, జి మేజర్ అయితే సి, ఇ ఫ్లాట్, జి మైనర్.

మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే దిగులు అని పిల్లలకు నూరిపోస్తుంటారు. మొదటి వారంలో చెవికి గుర్తుగా పనికొస్తుందేమో గానీ నాకది పెద్దగా నచ్చదు. ఖరహరప్రియ రాగంలో ఉన్నది సాధారణ గాంధారమే, స నుంచి మూడో మెట్టు. అంటే దాని స మీద కట్టిన కార్డు మైనరే. అంతమాత్రాన ఖరహరప్రియ కీర్తనలన్నీ ఏడుపు పాటలు కాలేదు.

మధ్య స్టేషన్‌తో పాటు చివరి స్టేషన్‌నీ కదిపితే ఇంకో రెండు కార్డులొస్తాయి. చేత్‌పట్‌లో దిగి, బీచి దాకా పోకుండా ఫోర్టులోనే దిగిపోతే 3, 3. దాన్ని డిమినిష్డ్ అంటారు, కుంచించుకుపోయినది. ఎగ్మూరులో దిగి, బీచి కూడా దాటి రాయపురం దాకా వెళ్తే 4, 4. అది ఆగ్మెంటెడ్, సాగదీసినది. మూడు మెట్లు, నాలుగు మెట్లు అనే రెండు కొలతల్ని రెండు చోట్ల పేర్చడానికి ఉన్న దారులు నాలుగే, అందుకే కార్డులూ నాలుగే. రాసేటప్పుడు మేజర్‌కు ఒట్టి అక్షరం చాలు, మైనర్‌కు దాని పక్కన చిన్న ఎమ్ అక్షరం, డిమినిష్డ్‌కు డిమ్ అనో చిన్న సున్నా చుట్టో, ఆగ్మెంటెడ్‌కు ఆగ్ అనో కూడిక గుర్తో పెడతారు. మధ్యలో గాంధారం బదులు మధ్యమమో రిషభమో పెట్టే సస్ కార్డులు కూడా మూడు స్వరాలవే గానీ అవి ఒకటి విడిచి ఒకటి అనే నియమానికి లొంగవు. వాటిని ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

వీటిలో మేజర్ కార్డే చెవికి అంత కుదురుగా ఎందుకుంటుంది? దీనికి జవాబు మా ఇంట్లో గోడకానించి ఉంది. తంబురాను మనం మీటేది ప, స, స, కింది స అనే నాలుగు తీగలతోనే. గాంధారానికి తీగంటూ లేదు. అయినా శ్రుతి బాగా కలిసిన తంబురాలో, ముఖ్యంగా మంద్ర షడ్జం (కింది స) తీగ నుంచి, అంతర గాంధారం (స నుంచి నాలుగో మెట్టు) దానంతటదే వినిపిస్తుంది. పెద్దలు దాన్ని స్వయంభూ గాంధారం అన్నారు. తీగ మొత్తంగా కంపించేటప్పుడే సగాలుగా, మూడు ముక్కలుగా, నాలుగుగా, ఐదుగా కూడా కంపిస్తుంది. మూడు ముక్కల కంపనంలో పంచమం, ఐదు ముక్కల కంపనంలో అంతర గాంధారం పుడతాయి. స, గ, ప కంపనాల సంఖ్యలు 4:5:6 నిష్పత్తిలో పడతాయి. అంటే తంబురా ముందు కూర్చున్న ప్రతివాడూ తెలియకుండానే ఒక మేజర్ కార్డులో కూర్చుని పాడుతున్నాడన్నమాట. కీబోర్డులో మాత్రం పన్నెండు మెట్లకూ సమానంగా 100 సెంట్ల (స్వరాల మధ్య దూరానికి కొలత) చొప్పున పంచేశారు కాబట్టి దాని గాంధారం 400 దగ్గర పడింది. తంబురా గాంధారం సుమారు 386 దగ్గరే ఉంటుంది. 'మీ పెట్టె గాంధారం కాస్త పైకెక్కి గుచ్చుకుంటుందే' అని మా అమ్మ ఎప్పుడూ అనేది ఆ 14 సెంట్ల గురించే. నేను చాలాకాలం అది చాదస్తం అనుకున్నాను.

సరే, పోయిన మార్కు సంగతికొద్దాం.

కార్డు రాసేటప్పుడు ముందు చూడాల్సింది మెట్లను కాదు, అక్షరాలను. డి మీద ఏ రకం ట్రయడ్ కట్టినా అందులో డి, ఎఫ్, ఎ అనే మూడు అక్షరాలే ఉండాలి. అది అస్థిపంజరం. ఆ తర్వాత మెట్లు లెక్కపెట్టి, కొలత సరిపోకపోతే షార్ప్‌తోనో ఫ్లాట్‌తోనో సర్దాలి. డి నుంచి ఎఫ్‌కు మూడే మెట్లు. మేజర్‌కు నాలుగు కావాలి కాబట్టి ఎఫ్‌ను ఒక మెట్టు పైకి జరిపి ఎఫ్ షార్ప్ చేశాం. అక్కడి నుంచి ఎ కు మూడు, సరిపోయింది. జి మైనర్ కావాలా? అక్షరాలు జి, బి, డి. జి నుంచి బి కి నాలుగు మెట్లున్నాయి, మనకు మూడు చాలు, అందుకని బి ఫ్లాట్. ఏ సర్దుబాటూ లేకుండా ఉత్త తెల్ల మెట్ల మీదే కడితే సి, ఎఫ్, జి ల మీద మేజర్లు, డి, ఇ, ఎ ల మీద మైనర్లు, బి మీద డిమినిష్డ్ వస్తాయి. ఈ ఏడూ నోటికొస్తే మిగతావన్నీ వీటికి చేసే చిన్న మరమ్మతులే.

డి, జి ఫ్లాట్, ఎ అని రాస్తే మెట్టు అదే అయినా అస్థిపంజరం విరిగింది. ఎఫ్ అనే అక్షరమే లేదు, దాని చోట జి వచ్చి కూర్చుంది. డి నుంచి జి అంటే నాలుగో అక్షరం, థర్డ్ కాదు. ఇది ఊరికే వ్యాకరణ పట్టింపు అనుకోకండి. నొటేషన్ గీతల మీద డి, ఎఫ్, ఎ మూడూ వరసగా మూడు ఖాళీల్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇడ్లీల్లా కనిపిస్తాయి. అలవాటైన కన్ను ఆ ఆకారం చూసి, స్వరాలు చదవకుండానే, ట్రయడ్ అని పట్టేస్తుంది. అదే జి ఫ్లాట్ రాస్తే ఆ నోటు గీత మీదికెక్కి పై నోటును ఒరుసుకుంటుంది. వాయించేవాడు ఒక క్షణం తడబడతాడు.

మా అమ్మ నాట రాగం గురించి అన్నది ఇదే. మనకు స్వరస్థానాలు 12, పేర్లు మాత్రం 16. నాలుగు స్థానాలకు రెండేసి పేర్లున్నాయి. చతుశ్శ్రుతి రిషభమే శుద్ధ గాంధారం, షట్శ్రుతి రిషభమే సాధారణ గాంధారం, పైన ధైవత నిషాదాల్లోనూ అంతే. రాగంలో గాంధారం పదవిలో అంతర గాంధారం అప్పటికే ఉంటే, దాని కింది మెట్టు రిషభం పదవిలో ఉన్నట్టు. అందుకే నాటలో అది షట్శ్రుతి రిషభం. అదే మెట్టు ఖరహరప్రియలో సాధారణ గాంధారం. మనిషి ఒకడే, ఒకరికి బావ, ఇంకొకరికి మామయ్య. ఎఫ్ షార్ప్, జి ఫ్లాట్ కూడా అంతే. మెట్టు పేరు కాదది, వరస పేరు.

ఒట్టి మెట్టు పేర్లు కూడా మనకు ఉన్నాయి, వాటితో కలిపితేనే గందరగోళం. పాడేవాళ్లు 'ఒకటి శ్రుతి', 'ఒకటిన్నర', 'రెండు' అంటుంటారు కదా (ఇక్కడ తమిళంలో కట్టై అంటారు). ఒకటి అంటే సి, ఒకటిన్నర అంటే సి పక్క నల్ల మెట్టు, నాలుగు అంటే ఎఫ్, ఐదు అంటే జి. ఇవి ఇంటి నంబర్ల లాంటివి. ఆ ఇంట్లో ఉన్నవాడు మీకేమవుతాడో నంబరు చెప్పదు. మా అమ్మ శ్రుతి ఐదున్నర. కీబోర్డు పాఠాల్లో పిల్లలు దాన్ని జి షార్ప్ అనేస్తారు. సరే, జి షార్ప్ మేజర్ రాసి చూడండి. అక్షరాలు జి, బి, డి. జి షార్ప్ నుంచి నాలుగు మెట్లు లెక్కపెడితే సి తెల్ల మెట్టు మీద పడతాం. కానీ అక్షరం బి నే ఉండాలి కాబట్టి దాన్ని బి షార్ప్ అని రాయాలి. తెల్ల మెట్టుకు షార్ప్! నిక్షేపంగా రాయొచ్చు, తప్పేం లేదు, కానీ చదివేవాడు మనల్ని తిట్టుకుంటాడు. అదే ఐదున్నరను ఎ ఫ్లాట్ అంటే కార్డు ఎ ఫ్లాట్, సి, ఇ ఫ్లాట్ అని హాయిగా వస్తుంది. అందుకే ఐదున్నర మీద మేజర్ కార్డును ఎక్కువగా ఎ ఫ్లాట్ అనే రాస్తారు.

కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లకు దగ్గరి దారి ఒకటుంది. ఏ స్వరం మీద కార్డు కట్టాలన్నా దాన్ని కాసేపు స అనుకుని, అంతర గాంధారం, పంచమం పాడితే మేజర్. సాధారణ గాంధారం, పంచమం పాడితే మైనర్. గ్రహభేదం తెలిసినవాళ్లకు ఇది రెండు నిమిషాల పని. మనకు అలవాటు కానిది వేరే ఉంది. మన స ఒకసారి కుదిరితే కచేరీ అయ్యేదాకా కదలదు. కార్డుల సంగీతంలో రెండు క్షణాలకోసారి కొత్త స్వరం లేచి 'ఇప్పుడు నేనే స' అంటుంది, పాట అసలు స మాత్రం వెనకాల అలాగే ఉంటుంది. ఈ రెండు స లనూ ఒకేసారి మనసులో పెట్టుకోవడమే కష్టం, లెక్క కాదు.

ఇంకొక చోట మన పేర్లు పూర్తిగా చేతులెత్తేస్తాయి. సి డిమినిష్డ్ అంటే సి, ఇ ఫ్లాట్, జి ఫ్లాట్. మేనకోడలు వాయిస్తే మా అమ్మ టక్కున "స, సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం" అంది. స్థానం సరిగ్గా అదే. కానీ వాళ్ల లెక్కలో అది మధ్యమం కాదు, ఒక మెట్టు కిందికి దిగిన పంచమం. ఆగ్మెంటెడ్‌లో పైనుండే జి షార్ప్ మనకు శుద్ధ ధైవతం, వాళ్లకు ఒక మెట్టు పైకెక్కిన పంచమం. షడ్జ పంచమాలు అచల స్వరాలని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చెబుతున్న మనిషికి ఇది మింగుడుపడలేదు. "పంచమాన్ని కదపడమేమిటి, ఇంటి దూలాన్ని కదిపినట్టు!" పంచమం కదలని సంగీతంలో ఈ రెండు కార్డులకూ స మీద చోటు లేదన్నది నిజమే. ఏడు స్వరాల మూల రాగాలైన మేళకర్తలు 72 లోనూ పంచమం ఉంటుంది. కాబట్టి ఏ మేళకర్త తీసుకున్నా దాని స మీద డిమినిష్డ్ గానీ ఆగ్మెంటెడ్ గానీ పుట్టదు. గాంధారం ఏదో చూస్తే చాలు: అంతర గాంధారం ఉన్న 36 మేళాల్లో స కార్డు మేజర్, సాధారణ గాంధారం ఉన్న 24 లో మైనర్. శుద్ధ గాంధారం ఉన్న మిగతా 12, కనకాంగి లాంటివి, ఈ నాలుగు పేర్లలో దేనికీ చిక్కవు.

స దాటి మిగతా స్వరాల మీదికి వెళ్తే అసలు సరదా మొదలవుతుంది. శంకరాభరణంలో తెల్ల మెట్ల కథే: స, మ, ప మేజర్, రి, గ, ద మైనర్, ని డిమినిష్డ్. అన్ని పాఠాల్లోనూ ఇదే ఉంటుంది. మనం మాయామాళవగౌళ తీసుకుందాం, అందరం మొదట నేర్చుకున్నది అదే కాబట్టి. స మీద మేజర్. పక్కనే శుద్ధ రిషభం మీద రి, మ, ద కడితే అదీ మేజరే! ఒకే ఒక్క మెట్టు తేడాలో రెండు మేజర్ కార్డులు. శంకరాభరణంలో ఇలా ఎక్కడా రాదు. ఒకదాని తర్వాత ఒకటి వాయించి చూడండి, సరళీ వరసలు పాడిన గొంతు వెంటనే గుర్తుపడుతుంది. గ మీద, మ మీద మైనర్లు. ధైవతం మీద ద, స, గ: 4, 4. ఆగ్మెంటెడ్ ఇక్కడ దాక్కుంది. ఇక ప, ని, రి కడితే 4, 2. ని, రి, మ కడితే 2, 4. నిషాదానికీ పై రిషభానికీ మధ్య రెండే మెట్లు ఉండడం వల్ల ఈ రెండూ మన నాలుగు పేర్లలో ఇమడవు. ఏడింట్లో ఐదింటికే పేర్లు దొరికాయి. అంతమాత్రాన ఈ రాగాన్ని కార్డుల్లో పెట్టి వాయించేయమని కాదు. గమకంతో ఊగాల్సిన రిషభాన్ని మెట్టుకు మేకు కొట్టి నిలబెడితే అది స్వరస్థానమే తప్ప రిషభం కాదంటుంది మా అమ్మ. ఆ విషయంలో నేనూ ఆవిడ వైపే.

చివరి చిక్కు, స్వరాలను తలకిందులు చేయడం. సి, ఇ, జి లో కింది సి ని తీసి పైకి పెడితే ఇ, జి, సి. ఇంకోసారి చేస్తే జి, సి, ఇ. అడుగున ఉన్న స్వరం మారింది కాబట్టి పేరూ మారాలనిపిస్తుంది. మారదు. మూడూ సి మేజరే. వీటిని ఇన్వర్షన్లు అంటారు. అడుగున ఏముందన్నది వేరు, పునాది ఏదన్నది వేరు అని 1722 లో ఫ్రాన్సులో అచ్చయిన తన గ్రంథంలో స్వరకర్త జాన్ ఫిలిప్ రామో శాస్త్రంగా నిలబెట్టాడు. ఎదురుగా ఏదో కార్డు ఉండి పునాది తెలియకపోతే, అక్షరాలు ఒకటి విడిచి ఒకటి వచ్చేదాకా తిప్పుతూ పోవాలి. ఇ, ఎ, సి ఉందనుకోండి. ఇ తర్వాత ఎ, కుదరలేదు. ఇ ని పైకి తీసుకెళ్లి ఎ, సి, ఇ అంటే కుదిరింది. ఎ నుంచి సి మూడు మెట్లు, సి నుంచి ఇ నాలుగు. ఎ మైనర్.

మెట్లు లెక్కపెట్టినా పునాది దొరుకుతుంది, ఒక్క ఆగ్మెంటెడ్‌లో తప్ప. అది 4, 4. పై చివర నుంచి మళ్లీ మొదటి స్వరం పై స్థాయికి ఇంకో 4. మొత్తం 12 మెట్లూ మూడు సమాన భాగాలైపోయాయి. ఎటు తిప్పినా 4, 4 గానే ఉంటుంది. అందువల్ల కీబోర్డు మొత్తం మీద వినడానికి వేర్వేరుగా ఉండే ఆగ్మెంటెడ్ కార్డులు నాలుగే. సి, ఇ, జి షార్ప్ అని రాస్తే పునాది సి. అవే మూడు మెట్లను ఎ ఫ్లాట్, సి, ఇ అని రాస్తే పునాది ఎ ఫ్లాట్. ఇ, జి షార్ప్, బి షార్ప్ అంటే పునాది ఇ. చెవి తేల్చలేని చోట అక్షరం తేలుస్తుంది.

ఆ సాయంత్రం మేనకోడలు అదే కార్డు నొక్కిపట్టి "చెప్పుకో చూద్దాం అమ్మమ్మా, ఇందులో స ఏది?" అంది. మా అమ్మ మూడు స్వరాలనూ ఒక్కొక్కటిగా పాడుకుంది. కాసేపు ఆగి మళ్లీ పాడింది. తర్వాత కళ్లజోడు తీసి పెట్టుకుని, "కాగితం మీద ఏమని రాశావో చూపించవే" అంది.